పిన్ని వేసిన తాళం

పోయిన వారం మనం చిట్టిని ఆసుపత్రి రెండో అంతస్తులో, హార్మోన్ల డాక్టరమ్మ గది బయట, బెంచీ మీద వదిలి వచ్చాం. పక్కనే మంచి కుర్చీలు ఖాళీగా ఉన్నా ఆమె బెంచీనే ఎంచుకుంది. చేతులున్న కుర్చీలతో ఆమెకు పాత పేచీ ఉంది. కూచునేటప్పుడు అవి నోరెత్తవు గానీ, లేచేటప్పుడు తామూ వెంటబడతాయి.

మధ్యలో వచ్చి చేరినవారి కోసం నాలుగు ముక్కలు. చిట్టి బస్ స్టేషన్‌లో అనౌన్సరు. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్పే ఆ గొంతును ఊళ్ళో ఎరగనివాళ్ళు లేరు. ఆ గొంతు గల మనిషిని చూసినవాళ్ళు మాత్రం తక్కువ. చూసినవాళ్ళు ఒకసారితో ఊరుకోరు, వెనక్కి తిరిగి మరోసారి చూస్తారు. ఊహ తెలిసిన దగ్గర్నుంచీ ఆమెకు ఒకటే ఆకలి. తిన్నా ఆగదు, తింటున్నా ఆగదు. నాలుగేళ్ళప్పుడు తల్లి పోయింది. తల్లి చెల్లెలే తండ్రికి రెండో భార్యగా ఆ ఇంటికి వచ్చింది. వచ్చీ రాగానే వంటగదికి తాళం వేసింది. ఉద్యోగం దొరికిన రోజున చిట్టి ఆ పిన్నిని నానా మాటలూ అని ఇల్లు వదిలింది. తండ్రి పోయినప్పుడు ఒక్కపూట వెళ్ళొచ్చింది తప్ప మళ్ళీ ఆ గడప తొక్కలేదు. ఈమధ్య మెట్లెక్కితే ఆయాసం వస్తోందని ఆసుపత్రికి వెళ్తే, ఈ డాక్టరమ్మ అందరిలా "నోరు కట్టుకోండి" అనలేదు. "చిన్నప్పుడు ఎలా ఉండేవారు?" అని అడిగింది. రక్తం తీసి జన్యువుల పరీక్షకు పంపింది. ఆ ఫలితం చెప్పడానికే ఇవాళ రమ్మంది.

తలుపు తీసింది డాక్టరమ్మే. గదిలో ఈసారి చేతుల్లేని వెడల్పాటి కుర్చీ ఒకటి వేసి ఉంది. పోయినసారి లేదు. తన కోసమే ఎక్కణ్ణుంచో మోయించి తెప్పించారని చిట్టికి అర్థమైంది.

"ముందు ఒక్క మాట వినండి. మిగతాది తర్వాత చెప్తాను" అంది డాక్టరమ్మ. "మీ ఆకలి నిజమైన ఆకలి. కక్కుర్తి కాదు. బద్ధకమూ కాదు. మీరు చేసిన తప్పు ఇందులో ఆవగింజంత లేదు."

చిట్టి కుర్చీలో ముందుకు జరిగింది.

"మళ్ళీ అనండి మేడమ్. బస్ స్టేషన్‌లో మేం ఏదైనా రెండుసార్లు చెప్తాం. మొదటిసారి ఎవరికీ ఎక్కదు."

డాక్టరమ్మ నవ్వింది. నవ్వి, అదే మాట, అక్షరం పొల్లుపోకుండా మళ్ళీ చెప్పింది. ఆ తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని, పక్కింటావిడతో మాట్లాడినట్టు మొదలుపెట్టింది.

"మన ఒంట్లో కొవ్వు ఉంది చూశారూ, అది ఊరికే మూటలా పడుండదు. మెదడుకి ఎప్పటికప్పుడు కబురు పంపుతుంటుంది. 'ఇక్కడ నిల్వ సరిపడా ఉంది, ఇక చాలు' అని. ఆ కబురు రక్తంలో పడి మెదడు దాకా వెళ్తుంది. అక్కడి కణాలకు దాన్ని వినే చెవుల్లాంటివి ఉంటాయి. గ్రాహకాలు అంటాం, రిసెప్టర్లు అంటాం. మీకు ఆ రిసెప్టరు పుట్టుకతోనే సరిగ్గా తయారు కాలేదు."

"అంటే నా ఒంట్లోంచి కబురు వెళ్తోందా?"

"వెళ్ళడమేంటి, హోరెత్తిపోతోంది. మీ రక్తంలో ఆ హార్మోను మాకు కావలసినంత కనపడింది. వినే దిక్కే లేదు."

చిట్టికి ఇంకెవరూ విడమరచి చెప్పక్కర్లేకపోయింది. ఒకసారి వానాకాలంలో మూడో ప్లాట్‌ఫారం స్పీకరు తడిసి పాడైంది. ఆ సంగతి తెలియక ఆమె గదిలో కూచుని గొంతు చించుకుని చెబుతూనే ఉంది. మూడో ప్లాట్‌ఫారం జనం మాత్రం తమ బస్సు కళ్ళముందే వెళ్ళిపోయాక వచ్చి, ఆమె గది కిటికీ మీద దబదబా బాదారు.

"మెదడు సంగతి చూడండి" అంది డాక్టరమ్మ. "దానికి కబురు అందదు. అందకపోతే ఏమనుకుంటుంది? ఈ మనిషి కరువులో ఉంది, చచ్చిపోతోంది అనుకుంటుంది. వెతుకు, తిను, దాచుకో అని తరుముతుంది. అంతటితో ఊరుకోదు. ఖర్చు కూడా తగ్గించేస్తుంది. మీరు పస్తున్నా సరే, ఒళ్ళు పిసినారిలా పట్టుకుని కూచుంటుంది. అందుకే మీరు కడుపు మాడ్చుకున్న రోజుల్లో కూడా బరువు తగ్గలేదు."

"నేను అబద్ధం చెబుతున్నానన్నారు మేడమ్. 'మీరు దొంగచాటుగా తింటున్నారు' అని మొహమ్మీదే అన్నారు ఒకాయన."

"ఆయన తరఫున నేను క్షమాపణ అడుగుతాను."

ఆ మాట చిట్టి ఊహించలేదు. కొంగుతో కళ్ళు ఒత్తుకుని, "దీనికి మందుందా?" అని అడిగింది, లేదంటారని ముందే సిద్ధపడి.

"ఉంది." డాక్టరమ్మ రెండు అరచేతులూ ఒకదాని వెనక ఒకటి పెట్టి చూపించింది. "వినాల్సిన రిసెప్టరు ఇది. దీని వెనక, కబురు అందుకుని ముందుకు పంపే రిసెప్టరు ఇంకోటుంది. 'చాలు' అని చివరి మాట అనేది అదే. మీకు ముందుది పాడైంది గానీ వెనకది శుభ్రంగా ఉంది. ఈ సూది మందు నేరుగా వెళ్ళి ఆ వెనకదాన్ని తట్టి లేపుతుంది. రోజూ వేసుకోవాలి. మొదట్లో కాస్త వికారం ఉంటుంది. ఒంటి రంగు కూడా ముదురుతుంది."

"నల్లబడతానా?"

"కొంచెం."

"పడనీండి మేడమ్. ఇన్నాళ్ళూ నా రంగు గురించి మాట్లాడే తీరిక ఎవరికుంది!" అంది చిట్టి. ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే చిట్టి ఏడ్చింది. డాక్టరమ్మ ఆపలేదు, గడియారం చూసుకోలేదు.

అంతా అయ్యాక, లేవబోతున్న చిట్టిని ఆమె మళ్ళీ కూచోమంది.

"నాకు ఒక సంగతి అర్థం కావట్లేదు. ఈ లోపం ఉన్నవాళ్ళు మీ వయసుకి మంచం దిగలేని స్థితిలో ఉంటారు. షుగరు, గుండె, ఏదో ఒకటి పట్టుకుంటుంది. మీకు బరువుంది గానీ గుండె గట్టిగా ఉంది. షుగరు లేదు. మీ అంతట మీరు ఉద్యోగానికి వెళ్ళొస్తున్నారు. చిన్నతనంలో మిమ్మల్ని ఎవరో చాలా జాగ్రత్తగా చూసుకుని ఉండాలి. ఎవరు?"

చిట్టి మొహం బిగుసుకుంది.

"జాగ్రత్తా? మా పిన్ని మేడమ్. సవతి తల్లి. వంటగదికి తాళం వేసేది. తాళంచెవి మెడలో కట్టుకుని తిరిగేది. వీధిలో ఇంటింటికీ వెళ్ళి, 'మా పిల్లకి ఏమీ పెట్టకండి' అని చెప్పొచ్చింది. కడుపు మాడ్చి చంపుతోందని వీధివీధంతా దుమ్మెత్తిపోశారు."

"కడుపు మాడ్చిందా? పూటకి పెట్టేది కాదా?"

"పెట్టేది" అంది చిట్టి. "రోజూ ఒకటే వేళకి, ఒకటే కొలత. కాయగూరలు ఎక్కువ, అన్నం తక్కువ. తనూ నా పక్కనే కూచుని అంతే తినేది. పొద్దునా సాయంత్రం కాలవ గట్టు మీద నడిపించేది. నేను ఏడిస్తే తనూ ఏడ్చేది గానీ తాళం మాత్రం తీసేది కాదు."

డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"ఇప్పుడు ఇలాంటి పిల్లల తల్లిదండ్రులకి మేం ఏం చెప్తామో తెలుసా? వంటగదికి తాళం వెయ్యమంటాం. వేళ తప్పకుండా కొలిచి పెట్టమంటాం. చుట్టుపక్కలవాళ్ళకి చెప్పి ఉంచమంటాం. తోడు కూచుని తినమంటాం. సగం మంది చెయ్యలేరు. పిల్లల ఏడుపు భరించలేక తీసేస్తారు. మీ పిన్నిగారికి ఎవరూ చెప్పలేదు, ఎవరూ మెచ్చుకోలేదు. పైగా తిట్టారు. అయినా చేశారు. మీరివాళ నడిచి వచ్చారంటే ఆవిడ చలవే."

చిట్టికి ఆ గదిలోంచి ఎలా బయటపడిందో తెలియదు. "మీకు తోడబుట్టినవాళ్ళున్నారా?" అని డాక్టరమ్మ వెనకనుంచి అడగడం, "లేరండీ, ఒక్కదాన్నే" అని తను చెప్పడం మాత్రం గుర్తుంది.

ఆమె డ్యూటీకి వెళ్ళలేదు. బస్ స్టేషన్‌కి ఫోను చేసి, ఒంట్లో బాగాలేదంది. నిజానికి ఇన్నేళ్ళలో ఎన్నడూ లేనంత బాగుంది. ఆసుపత్రి ముందు పిన్ని ఊరి వైపు వెళ్ళే బస్సెక్కింది. కండక్టరు ఆమెను చూసి, ఇద్దరు కూచునే సీటు చూపించి, "ఇక్కడ కూచోండమ్మా, పక్కన ఎవర్నీ రానివ్వను" అన్నాడు. మామూలుగా అయితే ఆ మాటకి చిట్టి రోజంతా కుమిలిపోయేది. ఇవాళ మాత్రం, "చల్లగా ఉండు నాయనా" అంది.

దారంతా ఒకటే మాట నలిగింది ఆమె మనసులో. ఇల్లు వదిలిన రోజు గడపలో నిలబడి తను అన్న మాట: "మా అమ్మే ఉంటే నా కడుపు నిండేది." పిన్ని దానికి జవాబు చెప్పలేదు. సంచీ పట్టీ తెగిపోయి ఉంటే, సూదీ దారం తెచ్చి, చిట్టి భుజం మీద ఉండగానే కుట్టేసి పంపించింది.

* * *

పిన్నికి గుండీల కొట్టుంది. తండ్రి పోయాక పెట్టింది. చిన్న గదిలో గోడ పొడవునా బుల్లి బుల్లి సొరుగులు, ఏ సొరుగులో ఏ గుండీ ఉందో తెలియడానికి దాని మొహానికి ఆ గుండీ ఒకటి అంటించి ఉంటుంది. కింద జిప్పులు, ఎలాస్టిక్కులు, దారపు రీళ్ళు. పిన్ని ఎత్తు స్టూలు మీద కూచుని, ఎదురుగా ఉన్న దర్జీతో వాదులాడుతోంది.

"అది ఆకుపచ్చ కాదు, చిలకపచ్చ. కళ్ళు పెట్టి చూడు."

"పచ్చ పచ్చే కదా పిన్నిగారూ!"

"అలా అనుకునే పోయినసారి నీ పెళ్ళాం జాకెట్టుకి..." అంటూ తలెత్తిన పిన్నికి గుమ్మంలో చిట్టి కనపడింది. మాట సగంలో ఆగింది. చేతిలో ఉన్న గుండీలు దర్జీ చేతిలో పోసి, "పట్టుకెళ్ళు, తర్వాత చూద్దాం" అని పంపేసింది.

ఇద్దరే మిగిలారు. పిన్ని జుట్టు బాగా నెరిసింది. ఒక మోకాలికి గుడ్డ పట్టీ చుట్టి ఉంది. నోరు మాత్రం అలానే ఉంది.

"నిలబడి మాట్లాడితే నీ మోకాళ్ళకీ నష్టం, నా మెడకీ నష్టం. ఆ బల్ల మీద కూచో."

చిట్టి కూచోలేదు.

"పిన్నీ, నీకు దండం పెట్టడానికొచ్చాను."

"నేనింకా పోలేదే. దండాలకి తొందరేం?"

"పిన్నీ!"

"సరే, పెట్టు. తర్వాత మంచినీళ్ళు తాగు. మొహం చూడు, ఎర్రగా కందిపోయింది."

చిట్టి నిజంగానే వంగి ఆమె పాదాలు పట్టుకుంది. వంగడం ఆమెకు తేలిక కాదు; పిన్నికి ఆ సంగతి తెలుసు. "లే, లే, పిచ్చిదానా" అంటూ భుజాలు పట్టి లేపబోయింది. లేపలేక తనే స్టూలు దిగి కింద కూచుంది. అలా ఇద్దరూ గుండీల సొరుగుల మధ్య నేల మీద ఎదురెదురుగా కూచున్నారు. చిట్టి డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పింది. కొవ్వు పంపే కబురు, దాన్ని వినని రిసెప్టరు, కరువొచ్చిందని భయపడిపోయే మెదడు, సూది మందు, అన్నీ. చివరికి తాళం గురించి డాక్టరమ్మ అన్న మాట కూడా చెప్పి, "నువ్వు నన్ను మాడ్చావనుకున్నాను పిన్నీ. బతికించావట" అంది.

పిన్ని ఒళ్ళో పడ్డ ఒక గుండీని వేళ్ళతో తిప్పుతూ కూచుంది.

"అయితే కక్కుర్తి కాదంటావ్."

"కాదు."

"దొంగబుద్ధి కాదు."

"కాదు పిన్నీ. ఆ కణాల్లోనే ఉంది లోపం."

"నువ్వు దండం పెట్టావు గానీ నేను తీసుకోలేను చిట్టీ." పిన్ని తల వంచుకుంది. "తాళం వేసిన మాట నిజమే. కానీ నేనూ వీధిలో వాళ్ళలాగే అనుకున్నాను. నోటికి అదుపు లేని పిల్ల, అదుపు నేర్పాలి అనుకున్నాను. కాపాడాను గానీ నమ్మలేదు. రాత్రి పడుకునే ముందు నువ్వు ఆకలి, ఆకలి అంటుంటే, ఇంత తిని ఇంకా నాటకాలా అని మనసులో విసుక్కున్న రోజులున్నాయి."

"మనసులోనే కదా విసుక్కుంది. నాకు వినపడలేదు. నాకు తెలిసిందల్లా నువ్వు నా పక్కన కూచుని అంతే తినడం. నీకెందుకు పిన్నీ అంత శిక్ష? నువ్వు కడుపు నిండా తినొచ్చుగా."

"నీ ఎదురుగా కూచుని ఎలా తింటానే?" అంది పిన్ని, అంత తెలియదా అన్నట్టు.

చిట్టి ఆమె చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుంది. సూదులు గుచ్చుకుని గుచ్చుకుని వేళ్ళ చివర్లు గరుకుగా ఉన్నాయి. ఆ చేతులే తన పళ్ళెంలోకి ఒక ముద్ద కూడా ఎక్కువ రానివ్వలేదు. ఆ చేతులే జ్వరం వచ్చినప్పుడు నిద్ర లేకుండా నుదుటి మీద గుడ్డ మార్చాయి. రెండోది ఇన్నేళ్ళూ తను ఎందుకు మర్చిపోయిందో చిట్టికి అర్థం కాలేదు.

"పుట్టుకతోనే వస్తుందా ఇది?" అని అడిగింది పిన్ని.

"పుట్టుకతోనే. అమ్మ దగ్గర్నుంచి ఒక జన్యువు, నాన్న దగ్గర్నుంచి ఒకటి, రెండూ పాడైనవే వస్తే ఇలా అవుతుందట. వాళ్ళిద్దరికీ ఏమీ ఉండదు. పిల్లల్లో కొందరికి రావచ్చు, అందరికీ రావచ్చు, ఎవరికీ రాకపోవచ్చు."

"అందరికీ" అంది పిన్ని. చిట్టి చేతుల్లోంచి తన చేతులు వెనక్కి తీసుకుంది. "అయితే పాపం, వాడిదీ తప్పు కాదన్నమాట."

"ఎవడిది?"

పిన్ని నోటి మీద చెయ్యి పెట్టుకుంది. పెట్టుకుని, ఇక లాభం లేదన్నట్టు తీసేసింది.

"నీకు అన్న ఉన్నాడే చిట్టీ."

వీధిలో ఏదో బండి హారను కొట్టుకుంటూ వెళ్ళింది. ఒకావిడ గుమ్మంలోకి వచ్చి, ఇద్దరు ఆడవాళ్ళు నేల మీద కూచుని ఉండడం చూసి, ఏమీ అడక్కుండానే వెళ్ళిపోయింది.

"నువ్వు ఒళ్ళో పిల్లవు. వాడు బడికెళ్ళే వయసు" పిన్ని మెల్లగా చెప్పసాగింది. "నీకున్న ఆకలే వాడికీ. పక్కింట్లో దూరి తినేవాడు. బడిలో పిల్లల డబ్బాలు ఖాళీ చేసేవాడు. ఒకరోజు చెత్తకుండీ దగ్గర కూచుని ఎవరో పారేసిన రొట్టె తింటుంటే మీ నాన్న ఆఫీసువాళ్ళు చూశారు. మీ నాన్న పరువుగల మనిషి. చెడ్డవాడు కాదు, పరువుగలవాడు. అల్లరి పిల్లల్ని దారిలో పెట్టే ఒక ఆశ్రమంలో వేసి వచ్చాడు. మీ అమ్మ ఆ రోజు పట్టిన మంచం మళ్ళీ దిగలేదు. ఆ తర్వాత ఊరు మారారు. వాడి పేరు ఇంట్లో ఎత్తకూడదన్నాడు."

చిట్టి వెనక సొరుగుల గోడకి చేరగిలబడింది.

"అక్క పోయాక నేను మిమ్మల్ని చూడ్డానికొచ్చాను. నువ్వు బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి పచ్చిబియ్యం తింటున్నావ్. మీ నాన్న చూసి, 'ఇదీ వాడి దారే పట్టింది. బడి మొదలయ్యేలోపు దీన్నీ అక్కడే చేర్చేస్తాను' అన్నాడు. నన్ను చేసుకుంటానని అప్పటికే అడిగి ఉన్నాడు. నాకు ఇష్టం లేదు. కానీ ఆ పూటే చెప్పాను. చేసుకుంటాను, ఒకటే షరతు, పిల్ల ఇల్లు కదలకూడదు అన్నాను. సరే, కానీ ఒక్కసారి మన వంటింట్లో గానీ పరాయి వంటింట్లో గానీ దొంగతిండి తింటూ కనపడిందా, మర్నాడే పంపించేస్తాను అన్నాడు." పిన్ని ముక్కు చీదింది. "ఇంకేం చెయ్యను మరి? తాళం వేశాను. ఇంటింటికీ వెళ్ళి పెట్టొద్దని దండం పెట్టాను. సవతి తల్లి అన్నారు, రాక్షసి అన్నారు. అననీ. నా పిల్ల నా ఇంట్లో ఉంది."

"పిన్నీ" అంది చిట్టి. ఇంకేదో అనాలనుకుంది. ఆ మాటే మళ్ళీ అంది. చిన్నపిల్లలా ఆమె ఒళ్ళో తలపెట్టింది. ఇన్నేళ్ళ తర్వాత, అంత బరువైన తలా పిన్నికి బరువనిపించలేదు. జుట్టు నిమురుతూ కూచుంది. తన కోసం ఇష్టం లేని పెళ్ళి చేసుకున్న మనిషిని తను గడపలో నిలబడి ఏమందో చిట్టికి గుర్తొచ్చింది. దానికి క్షమించమని అడగబోతే పిన్ని ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"అవన్నీ తర్వాత. ముందు వాడి సంగతి విను. నేను కొట్టు సరుక్కని పెద్ద ఊరు వెళ్తుండేదాన్ని, ఆశ్రమం నుంచి బయటపడ్డాక వాడు ఉండేది అక్కడే. గుండీల కోసం అంత దూరం ఎవరెళ్తారే! వాణ్ణి చూసి రావడానికే. ఇప్పుడు మోటార్లకు వైండింగ్ చేస్తాడు. కాలిపోయిన మోటారు ఎలాంటిదైనా వాడి చేతిలో పడితే మళ్ళీ తిరుగుతుంది. ఈమధ్య నా మోకాలు ఇలా అయ్యాక వెళ్ళలేకపోయాను, ఫోనే. నీ సంగతి అంతా తెలుసు వాడికి. నీకు మాత్రం తన సంగతి చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. 'చెల్లెలికి ఈ సిగ్గు కూడా ఎందుకు' అన్నాడు. ఆసుపత్రికి వెళ్ళమంటే వెళ్ళడు. ఎప్పుడో ఒక డాక్టరు నవ్వాడట."

చిట్టి లేచి కూచుంది.

"ఫోను చెయ్యి."

"ఒట్టు..."

"ఆ ఒట్టు వేసింది సిగ్గుపడాల్సిన సంగతని కదా. ఇందులో సిగ్గేముంది పిన్నీ? చెవుడు వచ్చినవాడు సిగ్గుపడతాడా? మందుంది. నాకు పనిచేస్తే వాడికీ పనిచెయ్యొచ్చు. చెయ్యి."

పిన్ని బొడ్లోంచి ఫోను తీసింది. కళ్ళద్దాలు లేకుండా, తడుముకోకుండా నంబరు నొక్కింది. అటువైపు మోగుతుండగా, ఉన్నట్టుండి ఆమెకు ధైర్యం చాలలేదు. "నువ్వే మాట్లాడు" అని ఫోను చిట్టి చేతిలో పెట్టేసింది.

"చెప్పు పిన్నీ" అంది ఒక గొంతు. లోతైన, నెమ్మదైన గొంతు. మాటకీ మాటకీ మధ్య ఊపిరి గట్టిగా వినపడుతోంది.

పుట్టి బుద్ధెరిగిన తర్వాత ఎవర్నీ పిలవని పిలుపు అది. నోరు ఎలా తిరుగుతుందో అని భయపడింది చిట్టి. తేలిగ్గానే తిరిగింది.

"అన్నయ్యా."

ఊపిరి ఆగింది. మళ్ళీ మొదలైంది.

"నేను, చిట్టిని. పిన్నిని ఏమీ అనకు, నేనే అడిగి చెప్పించుకున్నాను. ఇవాళ డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాను అన్నయ్యా. మన ఆకలికి కారణం తెలిసింది. మనం చేసిన తప్పు కాదట. నువ్వూ చెయ్యలేదు, నేనూ చెయ్యలేదు."

అటు నుంచి ఆ గొంతు, చిన్నపిల్లాడి గొంతులా అయిపోయి, "నీకూ అంతేనా?" అంది. "రాత్రిళ్ళు కూడానా?"

"రాత్రిళ్ళు కూడా."

"తిన్న వెంటనే కూడానా?"

"తింటుండగా కూడా అన్నయ్యా."

అతను ఏడుస్తున్నాడు. చిట్టి ఆపలేదు. పొద్దున తనను డాక్టరమ్మ ఎలా ఏడవనిచ్చిందో అలాగే ఏడవనిచ్చింది. పక్కన పిన్ని రెండు చేతులూ జోడించి, ఎవరికి పెడుతోందో తెలియని దండం పెడుతూ, కళ్ళనిండా నీళ్ళతో నవ్వుతోంది. ఆ మొహంలో అంత సంతోషం చిట్టి ఎన్నడూ చూడలేదు.

"మందుంది అన్నయ్యా. సూది మందు. ముందు నీ రక్తం పరీక్ష చెయ్యాలి. ఈ డాక్టరమ్మ నవ్వదు. నువ్వు రేపే బయల్దేరి రా."

"చిట్టీ." అతను గొంతు బాగా తగ్గించాడు. "పిన్ని పక్కనే ఉందా?"

"ఉంది."

"అయితే ఊ కొడుతూ విను. మొహం మారనివ్వకు. నేను ఈ మేడ దిగి చాలా కాలమైంది. పనంతా పైకే తెప్పించుకుంటున్నాను. నాలుగు రోజుల్నుంచి కాళ్ళు రెండూ వాచిపోయాయి. పడుకుంటే ఊపిరి అందట్లేదు, కుర్చీలోనే ఉంటున్నాను. ఇవాళ పొద్దుట్నుంచి కుర్చీలోంచి కూడా లేవలేకపోతున్నాను. పిన్నికి తెలిస్తే ఆ మోకాలితో పరిగెత్తుకొస్తుంది. చెప్పకు. నువ్వు ఫోను చేశావ్, నాకదే చాలు తల్లీ. అదే చాలు."

"ఊఁ" అంది చిట్టి. "ఊఁ."

పిన్ని ఆమె మోచెయ్యి పట్టుకుని ఊపింది. కొంగుతో మొహం తుడుచుకుని, చిన్నపిల్లలా తొందరపడుతూ అడిగింది.

"ఏమంటున్నాడే? వస్తానన్నాడా? ఎప్పుడొస్తానన్నాడు?"